చున్నీ లేకుండా చూసిన డాకూ సినిమా

మా హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. అది ఏ నోటీసు బోర్డు మీదా ఉండదు. వార్డెన్ మేడమ్‌కు తెలియదు, తెలిసినా తెలియనట్టే ఉండేది. ఏ పిల్లకైనా పెద్ద దెబ్బ తగిలిందనుకోండి, పరీక్ష పోవడమో, కుదిరిన పెళ్ళి చెడిపోవడమో, ఇంటి నుంచి రాకూడని ఫోను రావడమో. ఆ పిల్ల స్నానానికి వెళ్ళి వచ్చేసరికి దండెం మీద ఆమె చున్నీలన్నీ మాయమయ్యేవి. పెట్టెలో చీరలుంటే అవి కూడా. ఏవని అడిగితే "ఉతకనీకి తీసినం" అనేవాళ్ళం. ఎందుకు తీశామో ఎవరూ చెప్పరు. ఆ పిల్ల కూడా రెట్టించి అడగదు, పైన ఫ్యాను వైపు ఒకసారి చూసి ఊరుకుంటుంది.

తీయడం తేలికే. తిరిగి ఎప్పుడివ్వాలన్నదే కష్టం. నవ్విందని ఇవ్వకూడదు. అన్నం తిన్నదని ఇవ్వకూడదు. "నాకేం గాలే, మంచిగనే ఉన్న" అంటే అస్సలే ఇవ్వకూడదు. ఆ పిల్ల మమ్మల్ని తిట్టాలి. "నా బట్టలు ముట్టనీకి మీరెవరే" అని గొంతు చించుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళను ముందూ వెనకా చూడకుండా, మనసారా తిట్టాలి. అప్పుడే ఇవ్వాలి. కోపం వచ్చిన మనిషికి తన వస్తువులు మళ్ళీ తనవిగా కనిపిస్తున్నట్టు లెక్క.

ఈ పద్ధతి పెట్టింది మా గది అక్క. నేను క్యాంపస్‌కు వచ్చేనాటికే ఆమె అక్కడ పాతకాపు. పీజీ అయిపోయింది, పీహెచ్‌డీ సగంలో ఆగింది, మిగిలిన కాలమంతా ఉద్యోగాల పరీక్షలు. పొద్దున్నే రీడింగ్ రూమ్‌కు తన సొంత ప్లాస్టిక్ కుర్చీ మోసుకుపోయి, కిటికీ పక్క చోటు పట్టుకునేది. ఊళ్ళో వాళ్ళది పత్తి చేను. ఆ చేను కబుర్లు ఎప్పుడూ చెప్పేది కాదు. వాన పడ్డ రోజు మాత్రం ఇంటికి ఫోన్ చేసి "మనదిక్కు వడ్డదా?" అని అడిగేది.

నా చున్నీలు కూడా ఒకసారి పోయాయి. ఆ కథ ఇక్కడ అనవసరం. రెండో రోజు సాయంత్రం నేను ఆమెను పట్టుకుని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, ఆమె వంశాన్ని కూడా వదల్లేదు. అంతా విని, లేచి, పరుపు కింద మడత పెట్టి దాచిన నా చున్నీలు తీసి నా ఒళ్ళో పడేసింది. "ఇప్పుడు సరే. పా, టీ తాగుదాం" అంది. నాకు ఆ పద్ధతి అప్పుడు అర్థమైంది. నేను ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఆమెను అక్కా అనే పిలిచాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను.

అలాంటి ఆమె చున్నీలు నేను తీయాల్సి వచ్చింది.

ఫలితాల జాబితా వచ్చిన రోజు ఆమె ఫోన్‌లో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. తన నంబరు లేదు. అప్పుడు ఇంకో జాబితా తెరిచింది, దిద్దకుండా పక్కన పెట్టిన వాళ్ళది. అక్కడ ఉంది ఆమె నంబరు, పక్కనే 'రిజెక్టెడ్' అని.

ఎందుకో ఆమెకు తెలుసు. ప్రశ్నపత్రాలు ఎ, బి, సి, డి అని నాలుగు రకాలుగా, అంటే నాలుగు సిరీస్‌లుగా ఇస్తారు. మనకు ఏది వచ్చిందో జవాబుల షీటు మీద ఆ అక్షరం కింద సున్నాను పెన్నుతో నింపాలి. రీడింగ్ రూమ్‌లో మేం రాసుకునే మోడల్ టెస్టులన్నీ ఒకే రకం, ఎ. జిరాక్సు సెంటర్‌లో ఒకటే సెట్టు ఉండేది, అందరం అదే తీయించుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఎ నింపీ నింపీ, అసలు పరీక్షలో కూడా ఆమె చెయ్యి ఎ నింపేసింది. నింపాక చూసుకుంటే చేతిలో ఉన్నది సి. కంగారులో సి కూడా నింపింది. రెండు నింపితే మిషను ఏదీ తీసుకోదు. బయటికొచ్చాక ఆ సంగతి నాకు ఒక్కదానికే చెప్పింది. "ఇన్విజిలేటర్ సార్ రాసిచ్చిండు, ఏం కాదన్నడు" అని తనే నాకు ధైర్యం చెప్పింది. తర్వాత కీ వచ్చినప్పుడు జవాబులు సరిచూసుకుంది. ఉద్యోగం వచ్చే మార్కులే. ఆ కొన్ని నెలలూ ఆమె నవ్వుతూ తిరిగింది, నేను లోలోపల భయపడుతూ తిరిగాను.

ఇంకోసారి రాద్దామంటే వయసు దాటిపోయింది. ఆ పరీక్షకు అదే ఆఖరు.

జూనియర్లకు పరీక్ష ముందు రోజు ఆమే చెప్పేది. "పేపర్ ఇయ్యంగనే ప్రశ్నలు సూడకుర్రి. ముందుగాల సిరీస్ సూడుర్రి. చెయ్యి అదుపుల వెట్టుకోండ్రి." అలా చెప్పిన మనిషికే ఇలా జరిగితే ఎవరి మీద అరవాలి? నాకైతే ఆ జిరాక్సు సెంటర్ మీద కూడా కోపం వచ్చింది. ఆమెకు ఎవరి మీదా రాలేదు. ఫోన్ బోర్లా పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున ఆమె స్నానానికి పోగానే పక్క గది పిల్లలు ఇద్దరు వచ్చారు. ఆమె చున్నీలు, నా చున్నీలు, ఆమె పెట్టెలోని రెండు చీరలు మూట కట్టి వాళ్ళు పట్టుకుపోయారు. దండెం బోసిగా మిగిలింది. ఆమె తడి జుట్టుతో లోపలికి వచ్చి దాని వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"నా చున్నీలేడ వోయినయ్?"

"ఉతకనీకి తీసినం అక్కా."

"ఓహో." మంచం మీద కూర్చుంది. "సరే. తిడ్తున్న. నా బట్టలు ముట్టనీకి నువ్వెవరివే. సిగ్గు లేదా. అయిపాయె గదా, ఇగ ఇయ్యి."

ఆ గొంతులో ఉప్పూ కారం లేవు. బస్సులో కండక్టరు స్టాపుల పేర్లు చదివినట్టు చదివింది. పద్ధతి పెట్టిన మనిషే గనక తాళం ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆమె నిజంగా తిడుతోందో, తిట్టినట్టు నటిస్తోందో నేనెలా కనిపెట్టాలి? ఇవ్వకపోతే నమ్మలేదని బాధ. ఇస్తే, ఆ తర్వాత ఏమైనా అయితే, నా జన్మంతా ఏడ్చినా చాలదు.

"గిట్ల కాదక్కా" అన్నాను.

ఆమె తడి జుట్టు ముడేసుకుంది. తర్వాత, "రూంల ఊపిరాడ్తలేదే. యాడికన్న తీస్కపో" అంది.

వాళ్ళమ్మకు నేను అప్పటికే ఫోన్ చేశాను. ఊరి నుంచి పొద్దుటి బస్సు తప్పిందట, మర్నాటికి గానీ చేరలేదు. అంతదాకా ఆమె మా చేతిలో ఉంది. పక్క గది పిల్లలకు ఇంటర్నల్ పరీక్ష, మధ్యాహ్నం దాకా రారు. అంటే ఆ పూటకు ఆమె నా ఒక్కదాని చేతిలో ఉంది. జనం ఉన్నచోటే మంచిదనిపించింది. "తార్నాక పోదాం, సినిమా సూద్దాం" అన్నాను. ఏ సినిమా అని ఆమె అడగలేదు, ఏ సినిమా అని నాకూ తెలియదు.

చున్నీ లేకుండా గుమ్మం దాటని మనిషి ఆమె. టిఫిన్ కోసం మెస్‌కు పోయినా, పాలప్యాకెట్ కోసం గేటు దాకా పోయినా రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకుని పోయేది. ఆ రోజు డ్రెస్ మీద వాళ్ళన్న పాత నిండు చేతుల చొక్కా వేసుకుంది. అయినా దారి పొడుగునా చేతులు గుండెల మీద కట్టుకునే నడిచింది. క్యాంపస్ రోడ్డు మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు ఇళ్ళకు తిరుగుతున్నారు. నేను ఏదేదో వాగుతూనే ఉన్నాను, మెస్‌లో సాంబారు గురించి, వార్డెన్ మేడమ్ కొత్త కళ్ళద్దాల గురించి. ఆమె ఊ కొట్టడం కూడా మానేసింది. తార్నాక చౌరస్తా దగ్గర మెట్రో కింద రోడ్డు దాటేటప్పుడు ఆమె అటూ ఇటూ చూడకుండా అడుగు ముందుకేసింది. ఆర్టీసీ బస్సు హారన్ మా చెవుల్లోనే మోగింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను, మళ్ళీ వదల్లేదు. అది ఏమరుపాటో ఇంకేమైనానో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

థియేటర్లో తెలుగు సినిమా టికెట్లు అయిపోయాయి. మిగిలింది పాత హిందీ సినిమా ఒకటి, ఈమధ్య పాత సినిమాలు మళ్ళీ వేస్తున్నారు కదా, ఆ వరసలో వచ్చింది. పోస్టర్ మీద ఒక ఆడమనిషి గుర్రం మీద నిలబడి ఉంది. నుదుటికి ఎర్ర గుడ్డ, రెండు చేతుల్లో రెండు తుపాకులు, వెనక మంటలు. పోస్టర్ చూసి నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వస్తుందేమోనని చూశాను. రాలేదు.

సినిమా మొదలైంది. తీసుకొచ్చి తీసుకొచ్చి ఎలాంటి సినిమాకు తీసుకొచ్చాను! మొదటి పావుగంటలోనే ఊరి దొరలు ఠాకూర్లు పోస్టర్ మీది పిల్ల ఇంటిని తగలబెట్టారు, తండ్రిని చెట్టుకు కట్టి కొట్టారు, ఆమె ఓణీ లాగి బురదలో పడేశారు. నేను పక్కకు తిరిగి, "పోదామా అక్కా?" అన్నాను.

"ఎందుకే. కూసో."

ఆ తర్వాత అదృష్టవశాత్తు సినిమాకు మతి పోయింది. ఆ పిల్ల బురదలోంచి లేచి, ఓణీ చింపి నుదుటికి కట్టుకుని, పగ తీరేదాకా చెప్పులు తొడగనని ఒట్టు పెట్టుకుని, డాకూల బందిపోటు ముఠాలో చేరింది. వెంటనే వచ్చిన పాటలో ఎత్తు మడమల బూట్లతో గుర్రం ఎక్కింది. గుర్రం లోయ ఇవతల తెల్లగా ఉండి, అవతల దూకేసరికి గోధుమ రంగైంది. డాకూలందరూ లోయల్లో నెలల తరబడి దాక్కున్నా ఆమె పెదాలకు వేసిన రంగు చెక్కు చెదరలేదు. వెనక వరసల్లో మా క్యాంపస్ అబ్బాయిల గుంపు ఒకటుంది. ఈ సినిమాను వాళ్ళు తిట్టుకోవడానికే వచ్చారు. బూట్లు కనపడగానే "చెప్పులేడియే రాణీ!" అని అరిచారు. థియేటర్ అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, పక్కనున్న మనిషి వంక చూస్తూ నవ్వాను.

ఆమె తెర వైపు చూస్తోంది గానీ కళ్ళల్లో ఏమీ కదలడం లేదు.

ఆ డాకూ రాణికి ఒక అలవాటు ఉంది. చంపే ముందు ఎదుటివాడి గుండెకు తుపాకీ పెట్టి, "నామ్ బోల్!" అని ఉరుముతుంది. వాడు వణుకుతూ తన పేరు తనే చెప్పాలి. చెప్పాకే కాలుస్తుంది. ఒకణ్ణి పిండి మరలో, ఒకణ్ణి పెళ్ళి పందిట్లో టపాసుల మధ్య, ఒకణ్ణి ఏకంగా ఏనుగు మీద. ప్రతిసారీ వెనకనుంచి అబ్బాయిలు ఆమెతో పాటు "నామ్ బోల్!" అని అరుస్తున్నారు. విశ్రాంతి వచ్చేసరికి సగంమంది ఠాకూర్లు పోయారు.

లైట్లు వెలిగాక పాప్‌కార్న్ తెద్దామంటే ఆమెను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి పోలేను. లేవమంటే లేవలేదు. అలాగే కూర్చున్నాం.

"గామె నసీబు మంచిగున్నది" అంది ఉన్నట్టుండి. పొద్దుటి నుంచి తనంతట తాను అన్న మాట అదే.

"ఎవరిదక్కా?"

"గా డాకుదాన్ది. కాల్చనీకి ఠాకూర్లు ఉన్నరు ఆమెకు. వరసగ నిలవడ్డరు. నాకెవలున్నరే?" చొక్కా చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది. "పేపర్ లీక్ జేసినోడు లేడు. లంచం దిన్నోడు లేడు. మార్కులు తక్వ ఏసినోడు లేడు. నామ్ బోల్ అంటె నా పేరే చెప్పుకోవాలె."

ఏదో ఒకటి చెప్పాలి, గట్టిగా చెప్పాలి. చదివిన చదువంతా ఏమైపోయిందో, "గట్లనకక్కా" అన్నది తప్ప నాకు ఇంకో మాట దొరకలేదు. ఆమె మణికట్టును మాత్రం ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నా చేతికి చెమట పట్టి జారుతోంది. దేవుడా, ఈ పూట గడిపించు చాలు, ఈ మనిషిని వాళ్ళమ్మ చేతిలో పెడితే చాలు అని ఆ డాకూ సినిమా మధ్యలో కూర్చుని మొక్కుకున్నాను.

రెండో సగంలో రాణికి తుపాకీ గుండు తగిలింది, ఎడమ భుజానికి. ముసలి వైద్యుడు కత్తి కాల్చి గుండు తీశాడు, కట్టు కట్టాడు, రక్తం చాలానే కారింది. తర్వాతి సీన్లో ఆమె లేచి గుర్రం ఎక్కింది. కట్టు కుడి భుజానికి ఉంది.

వెనక అబ్బాయిలు ఈసారి గమనించలేదు. నేనూ గమనించేదాన్ని కాదు. పక్కనుంచి ఆమె నా చేతిని విదిలించుకుని ముందుకు వంగింది.

"ఎడమకు గదా తాకింది?"

"ఏంది?"

"గుండు. ఎడమ బుజానికి తాకింది. ఇప్పుడు సూడు, కుడిదానికి కట్టున్నది."

నిజమే. ఆఖరి పోరాటమంతా కుడి భుజానికే కట్టుతో చేసింది. పెద్ద ఠాకూర్ చేత పేరు చెప్పించి, కాల్చి, కోట మీద నిలబడి, సూర్యుడి వైపు చూస్తుండగా సినిమా అయిపోయింది. అబ్బాయిలు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం తెర మీద పేర్లు పోతున్నంతసేపూ నిలబడి చూసింది, అన్ని పేర్లూ చదివింది.

బయట మెట్రో స్తంభం నీడలో ఆగిపోయింది. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు.

"గంతమంది పనిచేసిండ్రు గదనే" అంది. "ఎంతమంది పేర్లు వచ్చినయ్ సూసినవా? కెమెరా వట్టినోడు సూసిండు, కోసినోడు సూసిండు, అతికినోడు సూసిండు. గంతమంది సూసి గూడ గాయం ఎడమకెల్లి కుడికి వొయ్యింది. ఇంత పెద్ద తెర మీద! ఊరందరికి కనవడంగ! ఎవడన్న రిజెక్ట్ జేసిండానే? గన్నేండ్ల సంది ఆడ్తనే ఉన్నది. ఈలలు గొడ్తున్నరు. మల్ల రిలీజ్ జేస్తున్నరు!" గొంతు పెరిగింది. "నేనొక్క సున్న నింపిన. గోరంత లేదు. ఒక్క సున్న. నా వెనకాల ఎవ్వలు లేరు సూడనీకి. నేనొక్కదాన్నే. ఇన్నేండ్లు..."

అక్కడితో మాట తెగింది. స్తంభానికి తల ఆనించి ఏడ్చింది. రోడ్డు మీద, పట్టపగలు, చున్నీ లేకుండా, చేతులు గుండెల మీదినుంచి జారిపోయినా చూసుకోకుండా ఏడ్చింది. ముఖం తుడుచుకోవడానికి ఏమీ లేదు. నా దగ్గరా చున్నీ లేదు. చొక్కా చేతితోనే తుడుచుకుంది. ఒక పెద్దావిడ మా దగ్గర ఆగి, "ఏమైంది బిడ్డా?" అంది. నేను "పరీక్ష" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చి, ఆమె తాగేదాకా నిలబడి, తీసుకుని పోయింది.

ఇది కోపమా? నాకు తెలియలేదు. అరిచిన మాట నిజం. కానీ ఆ అరుపు చివరికి మళ్ళీ తన మీదికే వచ్చి ఆగింది. పద్ధతి ప్రకారం తిట్టాల్సింది మమ్మల్ని. వెనక్కి నడుస్తుంటే నేను తిన్నగా రోడ్డును చూడలేదు, ఆమె పాదాలనే చూశాను. ఒక్కో అడుగూ పడుతుంటే అమ్మయ్య అనుకున్నాను. క్యాంపస్ గేటు దాటాక ఆమె ఒక చెట్టు కింద కూర్చుండిపోయింది, ఎండ తగ్గాక లేస్తూ, "మా అమ్మకు ఫోన్ జేసినవా?" అంది. చేశానన్నాను. "చెయ్యకుంటే బాగుండు" అంది, అంతే. ఆ మాటకు నేను మళ్ళీ ఆమె మణికట్టు పట్టుకున్నాను.

హాస్టల్ చేరేసరికి పొద్దు వాలింది. మెట్ల దగ్గర పక్క గది పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. తిట్టిందా అన్నట్టు నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. వాళ్ళ ముఖాలు పాలిపోయాయి, అందుకు ఇంకో కారణం కూడా ఉందని నాకు అప్పుడు తెలియదు.

"గాలికి పోతా" అని ఆమె మేడ మెట్లు ఎక్కసాగింది. మేడ! మేం ముగ్గురం ఒక్క పరుగున ఆమె వెనకే ఎక్కాం. నేను ఆమెను దాటి ముందుకు పోయి పిట్టగోడకూ ఆమెకూ మధ్య నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఆమెకు తెలుసు, నా వైపు అలసటగా చూసింది. తర్వాత నా భుజం మీదుగా చూసింది. ఆ చూపు అక్కడే నిలిచిపోయింది.

దండేల మీద చున్నీలు ఆరుతున్నాయి. మా చున్నీలే. మేం ఎప్పుడూ ఉతకడానికి తీశామని అబద్ధమే చెప్పేవాళ్ళం. ఎవరూ ఉతికిన పాపాన పోలేదు, ఏ పరుపు కిందో దాచేవాళ్ళం. ఈ పిల్లలిద్దరూ కొత్తవాళ్ళు. పరీక్ష రాసి వచ్చాక ఏమీ తోచక, భయంతో చేతులు ఊరికే ఉండక, అక్క చున్నీలన్నీ నిజంగానే ఉతికారు. అన్నీ ఒకే బకెట్లో, వేడి నీళ్ళలో, సర్ఫు గుమ్మరించి. అందులో బతుకమ్మకు కొన్న ఎర్ర చున్నీ కూడా ఉంది.

ఆమె నన్ను పక్కకు నెట్టి దండెం దగ్గరికి పోయింది. పసుపుది నారింజ రంగైంది. ఆకుపచ్చది మట్టి రంగైంది. వాటిని దాటుకుంటూ పోయి చివర ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుంది. అది తెల్ల చున్నీ, సన్నటి అంచుది. దాన్ని ఎప్పుడూ వేసుకోగా నేను చూడలేదు. ఇస్త్రీ మడత విప్పకుండా పెట్టె అడుగున కవర్లో ఉంచేది. ఇప్పుడది గులాబీ రంగు మరకలతో, ఎవరో పాన్ ఉమ్మినట్టు ఉంది.

"ఎవలే ఇది జేసింది?"

పిల్లలిద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎవలే అంటున్న! నోట్ల మన్ను వోసుకున్నరా? తెల్లదాన్ని తీస్కపోయి ఎర్రదాన్ల నానవెడ్తరానే? గాడ్దులు! మీ అమ్మలు మీకు బట్టలుతుకుడు గూడ నేర్పలేదా? డిగ్రీలు సదివిండ్రు, ఏం సదివిండ్రే మీరు, తెలుపేదో ఎరుపేదో ఎర్కలేదు!" పిల్లలిద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ఆమె నా వైపు తిరిగింది. ముఖం జేవురించింది, మెడ మీద నరం ఉబ్బింది. "నువ్వు! నీకు బుద్ధుండె గదా! నా పెట్టె తెరవనీకి నువ్వెవరివే? అడుగున వెట్టుకున్న గదా, కవర్ల వెట్టుకున్న గదా, ముట్టద్దని తెల్వదా? ఇప్పుడు నౌకరి మొదటి దినం నేనేం ఏసుకోవాల్నే?"

ఆ మాట మేడ మీద అలా నిలబడిపోయింది. సీతాఫల్‌మండి వైపు రైలు కూత వేసింది. ఆమె కూడా విన్నది, తన నోటినుంచి వచ్చిన ఆ మాటను. ఏ నౌకరి, ఎక్కడి మొదటి దినం? ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. చున్నీని పిడికిట్లో పట్టుకుని, ఇంకా తిట్టబోయి ఆగి, నన్నే చూస్తూ ఆయాసపడుతోంది.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది, చాలా రోజులుంది. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. ఆ తర్వాత కూడా చెడ్డ రోజులు వచ్చాయి, అవన్నీ ఒక్క సాయంత్రంతో తీరేవి కావు. ఆ సాయంత్రం మాత్రం నేను ఆమె పద్ధతినే పాటించాను. దండేల మీదున్న చున్నీలన్నీ ఒక్కొక్కటే తీసి, ఆమె తిడుతూ ఉండగానే, తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను.